సగం ముల్లంగి దగ్గర ఆగిన కత్తి

ఆ వీధిలో ఆయన్ని అందరూ అద్దాలాయన అనేవారు. వంతెన దిగగానే కుడిచేతి వైపు, రెండు పెద్ద కొట్ల మధ్య ఎవరో తోసేస్తే ఇరుక్కున్నట్టుండే కళ్లద్దాల కొట్టు ఆయనది. మనిషి అడ్డం తిరిగితే భుజాలు రెండు గోడలకీ తగులుతాయి. ఎదురుగా అక్షరాల పట్టిక, పక్కన మచ్చలు పడ్డ అద్దం, బల్ల మీద ఆవగింజలంత మరలున్న పళ్లెం. ఆ మరల్ని పట్టకారుతో ఏరి, ఊపిరి బిగబట్టి, ముక్కు మీద నిలవమని మొరాయించే చట్రాల్ని బుజ్జగించి దారికి తెచ్చేవాడు. చీమ ఎదురొస్తే పక్కకి తప్పుకునే మనిషి. వేలికి ముల్లు గుచ్చుకుని రక్తం చుక్క కనబడితే చాలు, ఉన్నచోటే కూలబడి మంచినీళ్లు అడిగేవాడు.

అలాంటి మనిషి ఇంట్లో, ముందుగదిలో, బీరువా నిండా కత్తులు.

ఆ బీరువా కూడా కొట్టుదే. కొత్తది చేయించినప్పుడు పాతదాన్ని పారేయడానికి మనసొప్పక ఇంటికి మోయించుకొచ్చాడు. లోపల వెనకవైపంతా అద్దం, అరల నిండా కళ్లజోళ్లు నిలబెట్టడానికి చేసిన చిన్న చిన్న చెక్క ముక్కులు. ఇప్పుడా ముక్కుల మీద కళ్లజోళ్లకి బదులు కత్తులు, చాకులు, కత్తెరలు వెల్లకిలా పడుకునేవి. వెనక అద్దం పుణ్యమా అని ఒక్కొక్కటీ రెండేసిగా కనబడి కొత్తవాళ్ల గుండెలు గుభేలుమనేవి. బీమా ఏజెంటు ఒకాయన సంతకాల కోసం వచ్చి, గుమ్మంలోంచే బీరువా చూసి, "మళ్లీ వస్తానండీ" అని వెనక్కి నడిచాడు. మళ్లీ రాలేదు.

"పోన్లెండి, ఇదీ ఒక లాభమే" అంది ఆయన భార్య.

ఈ సరదా ఎలా మొదలైందంటే, ఒక ముసలి దర్జీ వల్ల. ఎన్ని అద్దాలు మార్చినా సూదిబెజ్జం కనబడక ఆయన పని మానేశాడు. ఆఖరిసారి కళ్లు చూపించుకోవడానికి వచ్చి, సంచిలోంచి మూరెడు కత్తెర తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు బాబూ, నీ దగ్గర ఉంచు" అన్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలని అద్దాలాయన అడిగాడు: "చివరిసారి ఏం కత్తిరించింది తాతా?"

"నా కొలత టేపే" అన్నాడు దర్జీ. "ఇంకెవడి నడుమూ కొలిచేది లేదని సరిగ్గా మధ్యకి కత్తిరించేశా. ఏమో, మళ్లీ బుద్ధి పుడుతుందేమోనని."

ఆ మాట అద్దాలాయన బుర్రలోంచి పోలేదు. కత్తెర చూసినప్పుడల్లా తెగిన టేపు కనబడేది. అప్పట్నించీ ఎవరింట్లో ఏ పాత కత్తి మూలపడి ఉందన్నా వెళ్లి అడిగి తెచ్చుకునేవాడు. దాని వయసు అడగడు, ఉక్కు ఏమిటో అడగడు. అడిగేది ఒక్కటే: "చివరిసారి ఏం కోసింది?"

జవాబు నచ్చితే ఆ కత్తికి బీరువాలో చోటు. ఒకసారి లోపలికెళ్లాక ఇంక అది దేన్నీ కోయకూడదు. కోస్తే ఆ చివరి సంగతి అబద్ధమైపోతుంది కదా. ఇది మొదటి నియమం. రెండో నియమం, రక్తం చూసిన కత్తి ఎంత గొప్పదైనా గుమ్మం తొక్కకూడదు. పాత సామాన్ల బజారులో ఈ సంగతి తెలియక మొదట్లో అందరూ తెగ కోతలు కోసేవారు. "ఈ కత్తి ముగ్గుర్ని చంపింది సార్" అని ఒకడు ఆశపెడితే ఆయన నాలుగు కొట్ల అవతలికి పరుగు. తరవాత వాళ్లూ తెలివిమీరారు. అడుగు పొడవున్న బాకుని పట్టుకుని, "ఒట్టు సార్, పుట్టి బుద్ధెరిగి దోసకాయ తప్ప ఏమీ కోయలేదు" అనేవారు.

బీరువాలో గడ్డం గీసే మడతకత్తి ఒకటుంది. అది చివరిసారి తీసింది పెళ్లికొడుకు మీసం, అదీ తుమ్ము వల్ల. తోటమాలి పెద్ద కత్తెర ఒకటుంది, అది పక్కింటి వాళ్ల బట్టలారేసే తాడు కత్తిరించి రిటైరైంది. ఎందుకన్నది తోటమాలి చెప్పలేదు, ఈయన అడగలేదు. పెన్సిళ్లు చెక్కే బుల్లి చాకు బడిబల్ల మీద ఎవరి పేరో సగం చెక్కి, పంతులుగారి జేబులోకి చేరి, ఆయన ముసలితనంలో ఇక్కడికొచ్చింది. కేకులు కోసే ప్లాస్టిక్ కత్తి కూడా ఉంది. దాన్ని కత్తి అనవచ్చా అని ఆయన వారం పాటు మథనపడి, జవాబు బాగుందని లోపలికి రానిచ్చాడు. ఆ కత్తి ఇచ్చినవాళ్ల ఇంట్లో అందరూ నాకేసిన కేకు పెట్టె మీద దాంతో గీత గీసి, పిల్లలిద్దరూ ఖాళీ పెట్టెని పంచుకున్నారట.

ఇంట్లో ఆయన భార్య సంగతి వేరు. "ఊళ్లో కత్తులన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి, ఉల్లిపాయ కోయాలంటే మాత్రం పక్కింటికి పరిగెత్తాలి" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. అది కొన్నాళ్ల మాట. ఒకరోజు వంటింట్లో కత్తి పిడి ఊడితే, ఆవిడ నిదానంగా ముందుగదిలోకి వచ్చి, బీరువా తెరిచి, నాజూగ్గా ఉన్న ఒక చాకు తీసి, దాంతో నిమ్మకాయ కోసింది. ఆయన అన్నం మానేశాడు.

"అయ్యో, ఇప్పుడు ఇది చివరిసారి ఏం కోసినట్టు?" అంది ఆవిడ, నిమ్మకు నీరెత్తినట్టు.

"నిమ్మకాయ" అన్నాడు ఆయన, ఏడవలేక.

"నిమ్మకాయ కోసినదానికి బీరువాలో ఏం పని? వంటింట్లో ఉండనివ్వండి."

అలా ఆ చాకు పదవి పోయి వంటింట్లో చేరింది. కిటుకు తెలిశాక ఆవిడకి ఇక లోటు లేదు. ఏ కత్తి మీద మనసు పడితే దాంతో ఒక టమాటా కోసేది. బీరువాకి తాళం వేయడం ఆయనకి చేతకాదు. ఇంట్లో తాళమా, అదీ ఆవిడ మీదా! అందుకని కొత్త కత్తి తెచ్చిన రోజున వంటింట్లో టమాటాలు ఎన్ని ఉన్నాయో ఓ కన్నేసి ఉంచేవాడు.

ఇంత బీరువాలోనూ నడి అరలో నట్టనడుమ ఒక ముక్కు మాత్రం ఖాళీగా ఉండేది. అక్కడికి రావలసింది ఆయన తల్లి వాడిన కత్తి. అది అక్క దగ్గరుంది. దాని కోసమే ఈ బీరువా అంతా అని ఆయన ఎవరితోనూ అనలేదు గానీ, ఎవరైనా ఆ ఖాళీ చూపించి ఇదేమిటని అడిగితే ఆ ముక్కు మీద లేని దుమ్ము తుడిచేవాడు.

ఇనప కత్తి అది. ఎప్పుడో వెడల్పుగా ఉండేదట. తల్లి మెట్టురాయి మీద నూరి నూరి, తరవాత అక్క నూరి నూరి, నడుము దగ్గర సన్నగిల్లి నెలవంకలా అయింది. చెక్కపిడి పగిలితే తల్లే రాగి తీగ చుట్టింది. ఆ ఇంట్లో తినేది ఏది దొరికినా, పండయినా రొట్టయినా, తల్లి పిల్లలిద్దరి మధ్యా పెట్టి ఒక్క మాట అనేది: "కోసేది ఒకరు, ఏరుకునేది ఒకరు." కోసేది ఎప్పుడూ అక్క, పెద్దది గనక. ఏరుకునేది తమ్ముడు. తమ్ముడు రెండు ముక్కల్నీ కళ్లకి దగ్గరగా పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, ఏది వెంట్రుకవాసి పెద్దదో పట్టేసేవాడు. ఎప్పుడూ తప్పలేదు. "వీడి కన్ను చూడండి, తాసు అక్కర్లేదు" అని తల్లి మురిసిపోయేది. ఆ మాటే ఆయన్ని కళ్లద్దాల పనిలోకి తెచ్చిందని ఆయన నమ్మకం. కొట్టుకొచ్చిన వాళ్లతోనూ అనేవాడు, "నా కన్ను చిన్నప్పట్నించీ తప్పదండీ" అని.

అక్క ఒక వర్క్‌షాపు క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైంది. బస్తాలకి బస్తాలు కూరగాయలు కోసిన చెయ్యి. మాట్లాడుతూ, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, చూడకుండా కోసేది. క్యాంటీన్‌లో పెద్ద కత్తులున్నా ఇంట్లో మాత్రం అమ్మ కత్తే. బస్సులో రెండు స్టాపుల దూరంలో, మేడ మీద రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. ఆవిడ మాటకి, చేతిలో కత్తికి పదును విషయంలో పోటీ.

తమ్ముడు వెళ్లినప్పుడల్లా అదే వరస.

"అక్కా, కత్తి..."

"కోస్తున్నా కదరా, కనబడట్లా? నీ అద్దాలు నువ్వు పెట్టుకో."

"అది కాదక్కా, రోజురోజుకీ అరిగిపోతోంది. బీరువాలో పెడితే పదికాలాలు ఉంటుంది."

"నువ్వు దాన్ని పడుకోబెడతానంటావు. దానికి నిద్ర రాట్లేదు. నేను కోయడం ఆపిన రోజున తీసుకుపో."

ఇంటికొచ్చి మొహం వేలాడేస్తే భార్య నవ్వేది. "వదినకి లేని బెంగ మీకెందుకండీ? కందకు లేని దురద కత్తిపీటకా?"

అలా ఏళ్లు నడిచాయి. ఒక మధ్యాహ్నం ఆయన కొట్టులో ఒక చట్రానికి మర బిగిస్తుండగా గుమ్మంలో నీడ పడింది. తలెత్తితే అక్క. కొట్టుకి ఎప్పుడో గాని రాదు. ఎడం చేత్తో కాగితంలో చుట్టిన పొట్లం బల్ల మీద పెట్టింది. కుడిచెయ్యి సంచి చాటున ఉంది.

"ఇదిగో. మనసు మారకముందే లోపల పెట్టుకో."

కాగితం విప్పగానే ఆయన చేతిలో మర జారి ఎక్కడో పడింది. జీవితంలో మొదటిసారి ఆయన మర కోసం వెతకలేదు. నెలవంక కత్తి బల్ల మీద మెరుస్తోంది. పిడికి ఏదో పాత గుడ్డ వరసల మీద వరసలు చుట్టి ఉంది. సంతోషంలో నోటికొచ్చిన ఒక్క మాటా అలవాటు కొద్దీ అదే:

"చివరిసారి ఏం కోసిందక్కా?"

అక్క ఆయన మొహంలోకి ఒక క్షణం చూసింది.

"సగం ముల్లంగి."

ఆయన పకపకా నవ్వాడు. "సగమేనా?"

"సగమే" అంది అక్క. కుర్చీ జరుపుతుంటే వద్దని, బస్సు పోతుందని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ వారమంతా అద్దాలాయన నేల మీద నడవలేదు. కత్తిని నడి అరలో నట్టనడుమ ముక్కు మీద పడుకోబెట్టాడు. పనిలేకపోయినా మనుషుల్ని ఇంటికి తీసుకొచ్చాడు. ప్లాస్టిక్ కత్తితో మొదలెట్టి, దర్జీ కత్తెర మీదుగా, పెళ్లికొడుకు మీసం దాటి, నడి అర దగ్గర ఆగి, గొంతు సవరించుకునేవాడు. "మా అమ్మ కత్తి. ఎన్ని నోళ్లకి పెట్టిందో లెక్కలేదు. చివరిసారి కోసింది ఏమిటో తెలుసా? సగం ముల్లంగి!" వచ్చినవాళ్లు నవ్వేవారు. పిడికి చుట్టిన గుడ్డ చూపించి, "పాతకాలపు పనితనం చూడండి, చేతికి మెత్తగా ఉండాలని ఎన్ని పొరలు వేశారో" అనేవాడు. రాగి తీగ ఏమైందన్నది ఆయనకి తోచనే లేదు.

ఒక ఉదయం ఆయన కొట్టుకి బయల్దేరుతూ వంటింట్లోకి తొంగిచూశాడు. భార్య ముల్లంగి కోస్తోంది, ఒకప్పుడు నిమ్మకాయ కోసిన చాకుతోనే.

"ఏమండీ, ఒకటడుగుతాను" అంది తలెత్తకుండా. "మిగతా సగం ఏమైంది?"

"దేంట్లో?"

"వదిన ముల్లంగిలో."

"ఏమో. నేనడగలేదు."

"కత్తి కనబడగానే మీకు చెవులు మూసుకుపోతాయి. సగం ముల్లంగి కోసి ఎవరైనా ఆపుతారా? వండితే మొత్తం కోస్తాం. వద్దనుకుంటే అసలు మొదలే పెట్టం. తలుపు దగ్గరికెవరో వస్తే లేచి వెళ్తాం, మళ్లీ వచ్చి కూచుని కోస్తాం." చాకుతో ముల్లంగి సగానికి వచ్చి ఆపి చూపించింది. "ఇదిగో, ఇక్కడ ఎవరాగుతారు చెప్పండి? అదీ వదిన! కిందటిసారి తలనెప్పి పెట్టుకుని కూడా మనకి గంపెడు బీన్సు కోసిపెట్టిన మనిషి."

ఆయన ముందుగదిలోకి వెళ్లి బీరువా తెరిచి కత్తి చేతిలోకి తీసుకున్నాడు. పిడి గుప్పిట్లో లావుగా, దిండులా ఉంది. గుడ్డ కొస పట్టి లాగాడు. ఒక పొర, దాని కింద ఇంకో పొర. ఏ పాత రవికదో, ఏ తువాలుదో. పైపొర మాసింది, లోపలివి మాసినవే. ఒక్కసారి చుట్టింది కాదు. ఇంత లావు చాలక మళ్లీ, అదీ చాలక మళ్లీ చుట్టినట్టుంది. అన్నిటికన్నా అడుగున రాగి తీగ తళుక్కుమంది. గుప్పిట మూతపడని వాళ్లు చట్రాల కాళ్లకి అలాగే గుడ్డ చుట్టుకుని రావడం ఆయన కొట్టులో చూడకపోలేదు.

"నేను అక్క దగ్గరికి వెళ్తున్నా" అన్నాడు.

"కత్తి తీసుకెళ్తున్నారేం?"

చేతిలోనే ఉందని అప్పుడు చూసుకున్నాడు. పిడికి గుడ్డ మళ్లీ చుట్టి, కాగితంలో పెట్టి సంచిలో పడేసుకున్నాడు. దారిలో కొట్టు తలుపుకి తగిలించిన "ఇప్పుడే వస్తాను" అన్న అట్ట సాయంత్రం దాకా వేలాడింది.

అక్క తలుపు తీసి, "ఏమిట్రా, ఇంత పొద్దున్నే? ఊళ్లో కళ్లన్నీ బాగుపడిపోయాయా?" అంది. ఆయన చెప్పులు విప్పి సరాసరి వంటింట్లోకి నడిచాడు. బల్ల మీద రొట్టె, అరటిపళ్లు, ఉడికించిన గుడ్లు, గిన్నెలో ఒలిచిన బఠాణీలు. కత్తి పెట్టవలసిన అవసరం ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. ఏళ్ల తరబడి కోసి కోసి మధ్యలో గుంట పడ్డ చెక్కపలక కడిగి, గోడకి ఆనించి ఉంది. ఎన్నాళ్లనుంచో తడి తగలనట్టు తెల్లగా ఎండింది. కిటికీ గట్టు మీద సాసర్‌లో నీళ్లు, నీళ్లలో తల వైపు సగం ముల్లంగి. దాని నెత్తిన లేత ఆకులు జానెడు ఎత్తు లేచి, వెలుతురు వైపు వంగి ఉన్నాయి.

"పారేయబుద్ధి కాలేదు" అంది అక్క వెనకనుంచి.

"చెయ్యి చూపించు."

"నువ్వేం డాక్టరువా? కళ్లజోళ్లు అమ్ముకునేవాడివి."

"చూపించక్కా."

కుడిచేతి బొటనవేలు మొదట్లో ఉబ్బి ఉంది. వేలు లోపలికి మడవబోతే మొహం ముడుచుకుంది గాని చప్పుడు చేయలేదు. "కీలు అరిగిందట. కత్తి పట్టుకోవద్దన్నాడు డాక్టరు. నేనూ అదీ కలిసే అరిగాం. దానికి బీరువా దొరికింది, నాకే ఇంకా దొరకలేదు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పకపోవడమేమిటి? నువ్వు అడిగావు, నేను చెప్పాను. సగం ముల్లంగి అన్నాను. నవ్వావు."

ఆయన ఇన్నేళ్లుగా ఎందరినో అదే ప్రశ్న అడిగాడు. అందరి జవాబులూ బీరువాలో పదిలంగా ఉన్నాయి. టేపు సగానికి కత్తిరించేసిన దర్జీ ఆ రాత్రి ఎలా నిద్రపోయాడో ఆయన ఎప్పుడూ అనుకోలేదు. అక్క ఆయన మొహం చూసి, ఇంక ఎక్కువ పొడిచినా లాభం లేదనుకున్నట్టు, "కూచో. టీ పెడతాను. అది ఎడం చేత్తోనైనా పెట్టగలను" అంది.

ఆయన కూచోలేదు. కిందికి వెళ్లి క్యారెట్లు, ఉల్లిపాయలు, ఒక క్యాబేజీ, రెండు యాపిల్ పళ్లు కొనుక్కొచ్చాడు. పలక దించి బల్ల మీద వేశాడు. సంచిలోంచి కత్తి తీశాడు. అక్క కళ్లు పెద్దవయ్యాయి.

"ఒరేయ్, అది నీ బీరువాలోకి వెళ్లిపోయింది. మళ్లీ కోస్తే నీ లెక్క పోతుంది."

"పోనీ."

ధైర్యంగానే అన్నాడు. క్యారెట్ పలక మీద పెట్టి, కత్తిని ఎత్తి పట్టుకున్నాకే అసలు సంగతి బయటపడింది. ఇంటి నిండా కత్తులున్న పెద్దమనిషికి కోయడం రాదు. చిన్నప్పుడు ఏరుకోవడమే తప్ప కోసింది లేదు. పెళ్లయ్యాక భార్య. ఆ తరవాత నియమం. మరలు తిప్పినట్టు కత్తిని కొసవేళ్లతో పట్టుకుని నొక్కాడు. క్యారెట్ ముక్క గోడకి తగిలి, నేలన పడి, బల్ల కిందికి దొర్లింది.

అక్క నడుం పట్టుకుని నవ్వింది. "ఓరి నీ కత్తులు పాడుగాను! అది పెన్నా, అలా పట్టుకున్నావు? గుప్పిట పట్టు. ఎడం చేతి వేళ్లు లోపలికి మడువు. గోళ్లు చూపించరా కత్తికి, వేలి చివర్లు కాదు! నూకకు, జార్చు. కత్తికి తెలుసు పని, నువ్వు అడ్డం రాకుండా ఉంటే చాలు."

"ఇలాగా?"

"ఇవి ముక్కలా ఇటుకలా? ఇల్లు కడుతున్నావా?"

"మెల్లిగా వస్తుందిలే."

"వస్తుంది, నేను పోయేలోగా."

ఉల్లిపాయ దగ్గరకి వచ్చేసరికి ఆయన ఒళ్లంతా చెమట. కళ్లద్దాలు మసకబారాయి. అయినా కాస్త చెయ్యి తిరిగిందనుకుంటూ తలెత్తి, "చూశావా!" అన్నాడు. అలా తలెత్తిన అరక్షణంలోనే కత్తి చూపుడువేలి మీద చిన్న గీత గీసింది. ఒక్క చుక్క. దాన్ని చూడగానే ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. అలాగే నేల మీద కూచుండిపోయాడు.

అక్క మంచినీళ్లిచ్చి, వేలికి గుడ్డ చుట్టి, కత్తి పిడికి ఉన్న గుడ్డతో పోల్చి చూసి, "ఇప్పుడు ఇద్దరికీ కట్లే" అంది. అంతలో ఏదో గుర్తొచ్చి ఆవిడ మొహం విప్పారింది. "అవునూ, రక్తం చూసిన కత్తి నీ బీరువా గుమ్మం తొక్కకూడదుగా?"

ఆయన ఆలోచించాడు. "తొక్కకూడదు."

"ఎప్పటికీ?"

"ఎప్పటికీ."

"అయితే పాపం, ఇక్కడే ఉండిపోవాలి" అంది అక్క, దిగులు నటించడం బొత్తిగా చేతకాక.

ఆ రోజు నుంచి కొట్టు కాస్త ఆలస్యంగా తెరుచుకునేది. కొట్టు తెరిచేముందు ఆయన రెండు స్టాపులు వెనక్కి వెళ్లి, అక్కకి ఆ రోజుకి కావలసినవి కోసిపెట్టి వచ్చేవాడు. మొదట్లో అక్క ముక్కల్ని ఒక్కొక్కటే ఎత్తి చూసి, "ఇది ఉడికేసరికి నా పుట్టినరోజు వస్తుంది" అనేది. తరవాత్తరవాత ఆ మాటలు తగ్గి, ఊళ్లో కబుర్లు పెరిగాయి. ఆవిడ కిటికీ దగ్గర కూచుని బొటనవేలికి కాపడం పెట్టుకుంటూ వీధిలో వచ్చేపోయేవాళ్ల మీద వ్యాఖ్యానం చెప్తుంటే, ఆయన వింటూ, క్రమంగా చూడకుండా కోయడం నేర్చుకున్నాడు. ఇంట్లో భార్య ఒకసారి ఆయన ఉల్లిపాయ కోయడం చూసి, టమాటాల బుట్ట కూడా ఆయన ముందుకే తోసింది.

బీరువా నడి అరలో ముక్కు మళ్లీ ఖాళీ. ఎవరైనా, "ఇక్కడేదో ఉండేదే?" అంటే, "డ్యూటీకి వెళ్లింది" అనేవాడు. "చివరిసారి ఏం కోసిందో?" అని ఆటపట్టిస్తే, "ఇవాళ పొద్దున క్యాబేజీ. రేపటి సంగతి ఎల్లుండి అడగండి" అనేవాడు. కొత్త కత్తులు తెచ్చుకోవడం ఆయన మానలేదు. ప్రశ్న కూడా అదే. కాకపోతే జవాబు విన్నాక ఇప్పుడు కుర్చీ జరిపి, "కూచోండి" అంటున్నాడు. అందుకే కొట్టులో జనం ఎక్కువైనట్టు కనబడుతుంది.

చేతికి పూర్తిగా పని వచ్చాక ఒక ఉదయం, కూరలయ్యాక, ఆయన యాపిల్ పండు ఒకటి పలక మీద పెట్టాడు. రెండుగా కోశాడు. పలకని అక్క వైపు తిప్పాడు.

"కోసేది ఒకరు, ఏరుకునేది ఒకరు" అన్నాడు.

అక్క కళ్లజోడు పెట్టుకుంది, తమ్ముడి కొట్లోదే. రెండు ముక్కల్నీ చూసింది. ఒకటి స్పష్టంగా పెద్దది. క్యారెట్లని నాణేల్లా సమంగా కోసే చెయ్యి ఇప్పుడిలా తప్పడం ఏమిటని ఆవిడ తమ్ముడి మొహం చూసింది. ఆయన కిటికీలోకి, ముల్లంగి ఆకుల వైపు చూస్తున్నాడు.

"ఒరేయ్."

"ఊఁ?"

"నాకే నేర్పుతున్నావా? చిన్నప్పుడు రోజూ నేను చేసింది ఇదేగా!"

ఆయన తల తిప్పాడు.

"నీ కన్ను తప్పదు, తాసు అక్కర్లేదు అని ఊరంతా చాటుకున్నావు. నేను కోసిన ముక్కలు గుడ్డివాడు తడిమినా ఏది పెద్దదో తెలిసేదిరా. అమ్మకీ తెలుసు. పాపం, ఏరుకోనీ, వాడికదో సంబరం అనేది."

అద్దాలాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కాసేపు తుడుస్తూనే ఉన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది. ఆ కన్ను చూసుకునే కదా కొట్టు పెట్టింది!

"మరి నేను ఊళ్లోవాళ్లకిచ్చిన అద్దాలు?" అన్నాడు.

"వాళ్ల అదృష్టం" అంది అక్క. ఎడం చేత్తో పెద్ద ముక్క తీసుకుని, ఏమాత్రం మొహమాటం లేకుండా కసుక్కున కొరికింది.